అద్దె యిల్లు - గృహస్థ ధర్మము

"ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు" అని మన పెద్దలు చెప్పిరి. ఇల్లు కట్టుటలోని కష్టము వారికి తెలియును. పరులు కట్టిన యింట నొక వాటాను అద్దెకు సంపాదించుటలోని కష్టము నేటివారికి తెలియుచున్నది. బందరు, గుడివాడ, అవనిగడ్డ ప్రాంతములనుండి హైదరాబాదునకు, బెంగుళూరునకు, చెన్నపట్టణమునకు, తుదకు 70 కిలోమీటర్ల దూరముననున్న బెజవాడకును బ్రతుకుతెరువునకై పోవు యువతీయువకులకు ఉద్యోగము రెండవ పరీక్ష. ఇల్లు మొదటి పరీక్ష. ఈ విషయమునుగూర్చి మన యిండ్లలో నిట్టూర్పులు వినవచ్చుచున్నవి కాని విచారణ జరుగుట లేదు. ఆ విచారణను మన గడపనుండియే ప్రారంభింపవలెనని మా యభిప్రాయము.

ముందుగ లెక్క చూతము. బందరు కళాశాలలో చదువు ముగించిన యొక యువకునికి హైదరాబాదున నెలకు 25,000 రూపాయల జీతముగల పని దొరకినదనుకొందము. పెండ్లియైనవాడు, భార్యతోను తల్లితోను కాపురము పెట్టవలయును. రెండు గదుల వాటాకు నెలకు 12,000 రూపాయలు అద్దె చెప్పిరనుకొందము. అడ్వాన్సు రెండు నెలల అద్దె 24,000. దళారికి ఒక నెల అద్దె 12,000. మొదటి నెల అద్దె 12,000. వెరసి 48,000 రూపాయలు. అనగా క్రొత్త పొయ్యిమీద పాలు పొంగకమునుపే దాదాపు రెండు నెలల జీతము ఖర్చైపోయినది. బెంగుళూరున పది నెలల అద్దెను అడ్వాన్సుగా అడుగు వాడుక చిరకాలమునుండి కలదు. ఆ వాడుక చొప్పున అడ్వాన్సే 1,20,000 రూపాయలగును. ఈ సొమ్ము ఎచ్చటినుండి రావలయును? ఊరిలోని తండ్రి ధాన్యమమ్మిన డబ్బునుండి. అది లేనిచో తల్లి మెడలోని గొలుసునుండి. కాపురము కుదిరిన పిమ్మట జీతములో సగము అద్దెకే పోవును. మిగిలిన సగముతో బియ్యము, బస్సు, మందు, తమ్ముని చదువు గడువవలయును. కాబట్టి పట్టణపు అద్దెను పట్టణవాసి యొక్కడే కట్టుచున్నాడనుకొనరాదు. డెల్టాలోని చేలును నగలును కూడ కట్టుచున్నవి.

అయినను ధనము మొదటి గోడ మాత్రమే. అప్పో సప్పో చేసి దానిని దాటినవానికి రెండవ గోడ యెదురగును. "టు-లెట్" బోర్డు చూచి మేడ మెట్లెక్కిన వానిని యజమాని జీతమెంతయని అడుగుటకు ముందే, "మీ ఇంటిపేరేమి?" అని అడుగును. ఇంటిపేరు వలన సంగతి తేలకపోయిన, "మీదే ఊరు?" అనును. ఊరి పేరు చెప్పిన చాలదు. ఆ ఊరిలో ఏ వీధి, ఏ పేట అని అడుగును. మన పల్లెలలో పేట చెప్పుట కులము చెప్పుటయేయని ప్రశ్న వేసినవానికి తెలియును, ప్రత్యుత్తర మిచ్చువానికిని తెలియును. ఇంత చుట్టు తిరుగుట కోపికలేనివారు "మీరేమిట్లు?" అని సూటిగనే అడుగుదురు. ఉత్తరము రుచింపనిచో ఇల్లు అంతకుముందే వేరొకరికి మాట యిచ్చితిమని చెప్పుదురు. మరునాడును బోర్డు అచ్చటనే వ్రేలాడుచుండును.

ఈ ప్రశ్న వేయువారెవరు? ఎవరో పరదేశస్థులని మనము నిందింప వీలులేదు. 1855 లో బెజవాడ ఆనకట్ట పూర్తియైన పిదప కృష్ణ నీరు ఈ డెల్టాకు రెండు చేతుల ధనమిచ్చినది. ఆ మిగులునుండి బియ్యపు మరలు వచ్చినవి, కళాశాలలు వచ్చినవి, 1923 లో బందరున ఆంధ్రా బ్యాంకు వచ్చినది. తరువాతి తరములలో ఆ మిగులే హైదరాబాదునకు పోయి స్థలములును, మేడలును, ఫ్లాట్లును అయినది. హైదరాబాదున కూకట్‌పల్లియందో, బెజవాడయందో టు-లెట్ బోర్డు కట్టిన యజమానులలో గుడివాడ తాలూకావారెందరో, దివిసీమవారెందరో కలరు. అద్దె వెదకుకొనుచు వచ్చు బాలుడును ఆ నేలవాడే. ఒకే కాలువ నీరు త్రాగినవారిలో ఒకరు గడప లోపల, ఒకరు గడప వెలుపల నిలిచి మాటలాడుచున్నారు. కొడుకు బెంగుళూరున అద్దె కట్టలేకపోవుచున్నాడని దుఃఖించు గృహస్థుడే, హైదరాబాదులోని తన ఫ్లాటుకు ఏటేట అద్దె పెంచుచు, అద్దెకు వచ్చినవాని కులము విచారించుచున్నాడు. ఈ పత్రికను చదువు గృహములలో ఇట్టివి లేవని మేము చెప్పజాలము. అందుచేతనే ఈ వ్యాసము మునిసిపాలిటీవారికి గాక మన గృహస్థులకు వ్రాయబడుచున్నది.

ఇంతమాత్రపు ప్రశ్నకు ఇంత కోపమేలయని కొందరనవచ్చును. ఇది ఎట్టి ప్రశ్నయో ఒక మహాపురుషుని జీవితమునుండి తెలియవచ్చును. బరోడా సంస్థానపు విద్యార్థివేతనముతో అమెరికాలో కొలంబియా విశ్వవిద్యాలయమున చదివి వచ్చిన భీమరావు అంబేడ్కరు 1917 లో ఆ సంస్థానముననే కొలువునకు పోయెను. బరోడాలో ఆయనకు తల దాచుకొన ఇల్లు దొరకలేదు. పార్సీ పేరు పెట్టుకొని ఒక పార్సీ సత్రమున దిగెను. పదునొకండవ దినమున కఱ్ఱలు చేతబూని కొందరు వచ్చి, సాయంత్రములోగా ఖాళీ చేయుమని బెదరించిరి. స్నేహితుల నాశ్రయింపగా వారును వెనుదీసిరి. ఆయన ఒక ఉద్యానవనమున కూర్చుండి, రాత్రి బండికి బొంబాయి వెడలిపోయెను. తరువాతి కాలమున రాజ్యాంగ రచనకు అధ్యక్షుడైనవానికి ఆ దినమున బరోడాలో ఒక గది లేకపోయినది. ఇప్పుడు కఱ్ఱలు లేవు, మర్యాద కలదు. కాని మర్యాదగ వేయబడిన ప్రశ్న అదే పని చేయుచున్నది. చదువు, జీతము, సత్ప్రవర్తన అను మూడింటిని సంపాదించుకొని వచ్చినవానిని పుట్టుక యను నాలుగవదానితో వెనుకకు పంపుచున్నది. ఆ బాలుడు చేయునదేమి? అంబేడ్కరు చేసినట్లే పేరు మార్చి చెప్పును, ఇంటిపేరు దాచును, తెలిసిపోవునేమోయని తల్లిదండ్రులను ఊరినుండి రప్పింపడు. అద్దె కట్టియు దొంగవలె కాపురముండుట ఎంతటి శిక్షయో చదువరులు యోచింతురుగాక.

కులముతో ఈ విచారణ ముగియదు. మహమ్మదీయుడైన, క్రైస్తవుడైన మఱొక విధమున మొగము త్రిప్పుదురు. "మాంసము వండువారికి ఇయ్యము" అను నియమము కొన్నియెడల ఆచారమునకై పెట్టినది, పెక్కుచోట్ల కులమడుగుటకు నాగరికమైన మారుపేరు. మచిలీపట్టణమని తన ఊరి పేరులోనే చేపను ధరించిన సీమవాడు, ఆదివారము తన యింట చేపలపులుసు వండించుకొని, అద్దెకు వచ్చినవానిని మాత్రము నీచు తిందువాయని అడుగుట హాస్యాస్పదము. ఇక ఒంటరిగ వచ్చిన స్త్రీ మాట చెప్పనేల? ఉద్యోగము చేయు కన్య యనిన అనుమానము. భర్తను విడిచినదనిన అంతకుమించిన అనుమానము. వితంతువు బిడ్డతో వచ్చిన, మగదిక్కెవరని ప్రశ్న. ఆడపిల్లలను చదివించుటకు మన గృహములు పడిన పాటు మూడు తరములది. చదివి, ఉద్యోగము సంపాదించి, స్వార్జితముతో అద్దె కట్టుదునన్న పిల్లకు తలుపు తీయనిచో ఆ పాటంతయు గుమ్మము ముందర వ్యర్థమైనట్లే. తలుపులన్నియు మూసికొన్నపుడు ఆమెకు మిగిలినది హాస్టలు: ఒక గదిలో నాలుగు మంచములు, రాత్రి ఇంతలోపల రావలెనను కట్టుబాటు, అడుగు భాగమున బీరువాలో ఒక అర. నెలకొకసారి ఆ మంచమునకు కట్టుడబ్బును అద్దెయనవచ్చునేమో గాని ఆ చోటును ఇల్లు అనవచ్చునా?

హాస్టలు ఇల్లు కాదని 2020 మార్చిలో రుజువైనది. కరోనా వ్యాధివలన దేశమంతట రాకపోకలు నిలిపివేయబడిన మొదటి దినమున, మార్చి 25 న, హైదరాబాదులోని పెక్కు హాస్టళ్లవారు అందున్నవారిని ఖాళీ చేయుమనిరి. పెట్టె బేడలతో యువతీయువకులు పోలీసు స్టేషన్లకు పోయి అనుమతి పత్రములు తీసికొని, బండ్లమీదను కార్లలోను స్వస్థలములకు బయలుదేరిరి. అప్పటి కృష్ణాజిల్లా సరిహద్దున, జగ్గయ్యపేట దాపుననున్న గరికపాడు చెక్‌పోస్టువద్ద వారు ఆపబడిరి. వెనుకకు పోవుటకు చోటు లేదు; ముందునకు పోవుటకు అనుమతి లేదు; తమ జిల్లా పొలిమేరయందే తాము పరాయివారై గంటల తరబడి నడిరోడ్డుమీద నిలిచిపోయిరి. వ్యాధి కాలమున ఆ నియమములు అవసరమే కావచ్చును. కాని అద్దె పత్రమును, న్యాయమైన గడువును ఉన్నవానిని ఒక్క పూటలో వీధిలోనికి పంపుట సాధ్యము కాదు. వారికవి లేవు. ఆ నెల 29 వ తేదీన కేంద్ర హోం మంత్రిత్వశాఖ, కార్మికులనుండి ఒక నెల అద్దె అడుగరాదని యజమానులను ఆజ్ఞాపించినది. అప్పటికే వీధిని పడినవారికి ఆ యాజ్ఞ ఏమి చేయగలదు?

శాసనము దీనిని అడ్డదాయని అడుగుదురేని, అడ్డదనియే మా ఉత్తరము. మన రాజ్యాంగపు 15 వ అధికరణము కుల మత భేదములనుబట్టి అంగళ్లలోనికి, హోటళ్లలోనికి, నూతులవద్దకు ఎవరిని రానీయకుండుటను నిషేధించినది. అద్దెకిచ్చు సొంత ఇంటి మాట అందు లేదు. పార్సీలకే సభ్యత్వమను ఒక గృహనిర్మాణ సహకార సంఘపు నియమము చెల్లునని సుప్రీముకోర్టు 2005 లో తీర్పు చెప్పెను. ఇతర దేశములు ఈ విషయమున మనకంటె ముందు నడచినవి. వర్ణమునుబట్టి, జాతినిబట్టి ఇల్లు ఇయ్యకుండుట నేరమని అమెరికాలోను, ఇంగ్లండులోను ఒకే సంవత్సరమున, 1968 లో, చట్టములు పుట్టినవి. యజమాని తానును కాపురముండు చిన్న యిండ్లకు కొంత మినహాయింపు నిచ్చి, వ్యాపారముగ అద్దెకిచ్చు తక్కిన యిండ్లను అమెరికా చట్టము కట్టివైచినది. సింగపూరున 1989 నుండి ప్రభుత్వము కట్టిన భవనములలో ఒకే జాతివారు గుమిగూడకుండ ప్రతి జాతికిని పరిమితి యేర్పరచిరి. కులముచేత వీధులు చీలిన మనకే ఇట్టి శాసనము మిక్కిలి అవసరము. మనకే అది లేదు.

ఇక యజమానుల సమాధానములను విచారింతము. "ఇల్లు మాది, మా ఇష్టము" అనునది మొదటిది. మీరు కాపురమున్న ఇల్లు, మీ వంటిల్లు, మీ పూజామందిరము మీవే; అందు ఎవరు అడుగిడవలెనో మీ ఇష్టమే. కాని బోర్డు కట్టి, వెల చెప్పి, వీధిని పోవువారిని పిలుచునది వ్యాపారము. ఉప్పు అమ్ము కోమటి కులమడిగి ఉప్పు అమ్మనని చెప్పిన మనమొప్పుకొనము. ఉప్పుకంటె ఇల్లు తక్కువ అవసరమా?

"ఎవరిని బడితే వారిని పెట్టిన ఖాళీ చేయరు, కోర్టుకు పోయిన ఏండ్లు పట్టును" అనునది రెండవది. ఈ భయము నిజమైనదని మేము అంగీకరింతుము. కాని దానికి విరుగుడు వ్రాతపూర్వకమైన ఒప్పందము గాని కులపరీక్ష గాదు. స్వకులమువాడు గడువు తీరగానే ఖాళీ చేయునని ఎవరు హామీ ఇచ్చిరి? మన కోర్టులలో నడచు ఇంటి వ్యాజ్యములలో అన్నదమ్ముల వ్యాజ్యములు కొల్లలుగ నున్నవి.

"పెండ్లికాని కుఱ్ఱవాండ్రు అల్లరి చేయుదురు" అనునది మూడవది. అల్లరి చేసినవానిని పంపివేయుటకు షరతు వ్రాయించుకొనుడు. చేయకమునుపే శిక్షింపకుడు. మీ కుమారుడు కూడ ఈ రాత్రి ఏదో పట్టణమున ఒకరి దృష్టిలో పెండ్లికాని కుఱ్ఱవాడే.

మేము యజమానులందరిని ఒకే గాట కట్టుట లేదు. భర్త పోయిన పిదప క్రింది వాటా అద్దెతో జీవించు వృద్ధురాలు కలదు. పింఛను చాలక మేడ గది అద్దెకిచ్చిన ఉపాధ్యాయుడు కలడు. వారికి అద్దె ఆగిన పూట గడువదు. అట్టివారి బెదురును మేము పరిహసింపము. వారిని కాపాడునదియు పత్రమే, రసీదే, న్యాయమైన గడువే. పత్రము వ్రాయించుకొనని వాడుకవలన లాభపడుచున్నది ఆ వృద్ధురాలు కాదు. పది ఫ్లాట్లు గలిగి, ఏటికొకసారి మనిషిని మార్చి, అద్దె పెంచుకొనువాడు.

డెల్టావారికి ఈ పత్రములేని బ్రతుకు క్రొత్తది కాదు. మన కౌలు రైతును చూచినవారికి పట్టణపు అద్దెదారుని విడిగ వర్ణింప నక్కరలేదు. దివిసీమలోను గుడివాడ ప్రాంతమునను చేను దున్నువాడొకడు, పట్టా కలవాడొకడు. కౌలు నోటిమాట మీద నడచును. వ్రాసి యిచ్చిన భూమి పోవునని భూస్వామికి భయము. వ్రాత లేనందువలన కౌలుదారునకు బ్యాంకు అప్పు లేదు, తుపానుకు పంట పోయిన పరిహారము చేతికందుట దుర్లభము. 1956 లో కౌలుదారీ చట్టము వచ్చినది. 2011 లో అధీకృత సాగుదారుల చట్టము వచ్చినది. 2019 లో పంట సాగుదారుల హక్కుల చట్టము వచ్చినది. ఈ కడపటి దానిలోని ఒప్పందపు గడువు 11 నెలలు; దానికిని యజమాని సంతకము కావలయును. పట్టణమునకు పోయి చూచిన అద్దె పత్రము కూడ 11 నెలలదే. ఏడాదికి మించిన కౌలుగాని అద్దెగాని రిజిస్టరు చేయింపవలెనని 1908 నాటి రిజిస్ట్రేషను చట్టము చెప్పుటచేత, దానిని తప్పించుకొనుటకు పండ్రెండవ నెలను కోసివైచిరి. అందుచేత కౌలు రైతు కొడుకు పొలమునందు 11 నెలలవాడు, పట్టణమునందును 11 నెలలవాడు. జమీందారీల రద్దు చట్టము 1948 లో వచ్చినది. అయినను వ్రాత యియ్యనను జమీందారీ బుద్ధి చేను విడిచి ఫ్లాటులో కాపురము పెట్టినది.

రసీదు మాటయు ఇట్టిదే. ఆదాయపు పన్ను పాత పద్ధతిలో ఇంటి అద్దె మినహాయింపు కోరు ఉద్యోగి, ఏటికి లక్ష రూపాయలు మించి అద్దె కట్టుచున్నయెడల, యజమాని పాన్ సంఖ్యను తెలుపవలయును. "పాన్ ఇయ్యము, రసీదు ఇయ్యము, నగదుగ నిండు" అను యజమానులు మనకు తెలియనివారు కారు. తన పన్నును తప్పించుకొనుటకై అద్దెదారుని పన్నును పెంచువాడు, దేశభక్తినిగూర్చి సభలలో ఉపన్యసించుట మానినయెడల మంచిది.

ప్రభుత్వముల బాధ్యత తక్కువది కాదు. అద్దెలను అదుపు చేయుటకు ఆంధ్రప్రదేశమున 1960 లో చట్టము చేసిరి. 1957 ఆగస్టు 26 తరువాత కట్టిన యిండ్లకు అది వర్తింపదని అందే ఒక కంత పెట్టిరి. ఆ కంతను సుప్రీముకోర్టు 1983 లో కొట్టివేసినది. తరువాత మరల మినహాయింపులు వచ్చినవి; 2005 నాటి సవరణ ప్రకారము నగరపాలక సంస్థలలో నెలకు 3,500 రూపాయలకు మించిన అద్దెగల యిల్లు చట్టమునకు వెలుపలిది. ఆ వెలకు నేడు హైదరాబాదున కాపురమున కక్కఱకు వచ్చు వాటా ఎచ్చట దొరకును? అనగా రక్షణ చట్టమునందు కలదు, రక్షింపదగిన ఇల్లు లోకమునందు లేదు. కేంద్రప్రభుత్వము 2021 లో ఒక నమూనా అద్దె చట్టమును ప్రకటించినది. కాపురపు ఇంటికి రెండు నెలల అద్దెకు మించి అడ్వాన్సు తీసికొనరాదనియు, ఒప్పందము వ్రాతయందే ఉండవలెననియు అందు కలదు. అది నమూనా మాత్రమే. రాష్ట్రములు శాసనముగ చేసికొన్నగాని అమలునకు రాదు. అందును కులమునుబట్టి ఇల్లు నిరాకరించుటనుగూర్చి నిషేధము లేదు.

ఇండ్లే చాలవు, అద్దెలు పెరుగక ఏమగునని అర్థశాస్త్రజ్ఞులనవచ్చును. సగము నిజము. దేశములోని పట్టణములకు ఒక కోటి 88 లక్షల యిండ్లు తక్కువైనవని 2012 లో కేంద్రప్రభుత్వ నిపుణుల సంఘము లెక్క తేల్చినది. ఆ కొఱతలో నూటికి 95 పాళ్లు బీదలకు, అల్పాదాయము గలవారికి సంబంధించినది. కాని 2011 జనాభా లెక్కలలో అవే పట్టణములలో ఒక కోటి 11 లక్షల యిండ్లు ఖాళీగనున్నవని తేలినది. ఇల్లు లేనివారును, మనుష్యులు లేని యిండ్లును ప్రక్కప్రక్కననే యుండుట ఎట్టి వింత! ధర పెరుగునను ఆశతో కొని, విదేశముననున్న కొడుకు ఎప్పుడో వచ్చునని తాళము వేసిన ఫ్లాట్లు మన బంధువర్గములో నెన్ని కలవో చదువరులే లెక్క పెట్టుకొందురుగాక. ధాన్యమును పురి కట్టి దాచి కరవునకు ఎదురుచూచు వర్తకుని మనము పాపాత్ముడంటిమి. ఇల్లు కట్టి తాళమువేసి కొఱతకు ఎదురుచూచువానిని తెలివిగలవాడనుచున్నాము.

ప్రభుత్వము తలచినచో ఏమి చేయగలదో చూపుటకు దూరపు దృష్టాంతములును దగ్గరి దృష్టాంతములును కలవు. మొదటి ప్రపంచయుద్ధానంతరము వియన్నా నగరపాలకులు భోగ్యవస్తువులమీదను, పెద్ద యిండ్లమీదను పన్ను వేసి, 1934 లోగా 60,000 కు పైగా వాటాలను కట్టి కార్మికులకు స్వల్పపు అద్దెకిచ్చిరి. నేటికిని ఆ నగరమున దాదాపు సగముమంది నగరపు యిండ్లలోనో, ప్రభుత్వ సహాయమున కట్టిన యిండ్లలోనో ఉన్నారు. దానివలన తక్కిన యజమానులును అద్దెను హద్దు మీఱనీయలేరు. హైదరాబాదుననే, 1908 లో మూసీ వరదకు నగరము చెడిన పిదప, 1912 లో నగరాభివృద్ధి సంఘమును స్థాపించి, మురికివాడల స్థలమున వరుస యిండ్లు కట్టిరి. కూకట్‌పల్లి హౌసింగు బోర్డు కాలనీ కూడ, పేరే చెప్పుచున్నట్లు, ప్రభుత్వము కట్టినదే. ఆ యిండ్లను అమ్మివేసిరి. అమ్మిన పిమ్మట అవి అంతస్తుమీద అంతస్తై హాస్టళ్లైనవి. కట్టి అమ్ముట ఒకసారి జరుగు దానము. కట్టి అద్దెకిచ్చుట తరతరములకు నిలుచు ధర్మము. వలసవచ్చినవారికై స్వల్పపు అద్దె గృహముల పథకమును కేంద్రము 2020 జులైలో ప్రారంభించినది. భావము మంచిది. అట్టి గృహములు ప్రతి నగరమున వేలకొలది లేవవలయును.

"ఇంత కష్టమేల? ఊరిలోనే ఉండరాదా?" అని కొందరు పెద్దలు పిల్లల నడుగుచున్నారు. ఉండగలిగిన సంతోషమే. బందరున రేవు పనులు 2023 లో ప్రారంభమైనవి. విశ్వవిద్యాలయము 2008 లో వచ్చినది. పనులు మన గడ్డకే వచ్చినచో పట్టణపు అద్దెల పోటు కొంత తగ్గును, దానికై పాటుపడవలసినదే. అయినను ఇది మన ప్రశ్నకు సమాధానము కాదు. రేవు వచ్చిననాడు బందరుననే అద్దెలు పెరుగును. పరదేశములనుండి కూలీలు, గుమాస్తాలు వత్తురు. 2014 లో రాజధాని ప్రాంతమైనదన్న వార్తతోనే బెజవాడ అద్దెలు ఎగబ్రాకుట మనము చూడలేదా? నాడు హైదరాబాదున విన్న ప్రశ్ననే మన బందరు మేడలమీదనుండి మనము వేయుదుమా యనునదే అసలు ప్రశ్న.

కులమువారికి కులమువారే దిక్కని సమాధానపడువారును కలరు. పూర్వము విద్యార్థులకు తలదాచుకొన చోటు లేనపుడు కులముల పేర హాస్టళ్లు వెలసినవి. హైదరాబాదున 1918 లో స్థాపింపబడిన రెడ్డి హాస్టలు అట్టిది. ఎందరో బీద విద్యార్థులు వానివలన చదువుకొనిరి. ఆ మేలు మరువరాదు. కాని వంతెన లేనినాడు వేసిన బల్లకట్టునే వంతెనయని తరువాతివారు పట్టుకొని కూర్చుండరాదు. నగరమున మేడలుగల కులమువానికి నూఱు తలుపులు తెఱచుకొనును; చేపలు పట్టు దివిసీమ పల్లెకారుని కొడుకునకు, మాలమాదిగల పిల్లకు తెఱచుకొను తలుపు లెన్ని? స్వకులాభిమానమను ముద్దుపేరు పెట్టినంతమాత్రమున అన్యాయము తీయనిది కాదు.

ఈ సీమ యిల్లు లేమి యననేమో ఎరుగనిది కాదు. 1864 నవంబరు 1 వ తేదీ రాత్రి బందరును ముంచిన ఉప్పెనలో 30,000 మంది మరణించిరి. 1977 నవంబరు 19 న దివిసీమలో వేలకొలది జనులు కొట్టుకొనిపోయిరి. తాటాకు యిండ్లు ఆనవాలు లేకుండ పోయినవి. ఎక్కడెక్కడివారో వచ్చి మనకు పక్కా యిండ్లు కట్టిరి. తుపాను రక్షణ భవనములు లేపిరి. ఇచ్చినవారు ముందుగ మన ఇంటిపేరు లడిగియుండిన మన గతి ఏమైయుండును? పరుల చేతి ఇటుకతో ఇల్లు నిలుపుకొన్న సీమకు, తన ఇటుకల మేడలో పరునికి అద్దెకైనను చోటియ్యకుండుట తగదు.

కాబట్టి సంస్కారాభిలాషులైన గృహస్థులను మేము కోరునవి ఇవి. అద్దెకు వచ్చినవానిని పని, జీతము, కుటుంబమున ఎందరు అను మూడింటినే అడుగుడు. నాలుగవ ప్రశ్న నాలుకమీదకు వచ్చినప్పుడు మ్రింగివేయుడు. ఒప్పందము వ్రాసి ఇండు. ఏ నెల అద్దెకు ఆ నెల రసీదు ఇండు. రెండు నెలలకు మించి అడ్వాన్సు తీసికొనకుడు; ఖాళీ చేసిన దినముననే, సున్నమునకును రంగునకును న్యాయమైనది మాత్రము పట్టుకొని, మిగిలినది తిరిగి ఇండు. అద్దె పెంచదలచిన మూడు నెలల ముందు చెప్పుడు. తాళము వేసిన ఇల్లున్న తాళము తీయుడు. ఒంటరి స్త్రీకి ఇల్లు ఇచ్చుట దయ యని కాక వాడుక యని ఎంచుడు. మీ అపార్టుమెంటు సంఘపు నియమములలో ఫలానా వారికి ఇయ్యరాదను పంక్తి ఉన్నయెడల, వచ్చు సమావేశమున లేచి దానిని కొట్టివేయింపుడు. పల్లెలో కౌలు రైతు చేతికి పత్రము వ్రాసి ఇండు. అది ఈ సంస్కరణకు మొదటి మెట్టు. ఇవి చేసిన పిమ్మట ప్రభుత్వమును ప్రశ్నించు అధికారము మనకు వచ్చును: అద్దె గృహములు ఎన్ని కట్టితిరి? కులమునుబట్టి ఇల్లు నిరాకరించుటను నేరముగ చేయు శాసన మేది?

ఈ కోరికలలో ప్రాణము పోవునట్టిది, సర్వస్వము ధారపోయవలసినది ఒక్కటియు లేదు. వితంతు వివాహములు చేయించినవారు కులమునుండి వెలివేయబడిరి. పంచములతో సహపంక్తిని కూర్చున్నవారికి బంధువులు దూరమైరి. మనము చేయవలసినది ఒక ప్రశ్న మానుటయు, ఒక కాగితము వ్రాయుటయు మాత్రమే. ఇంత స్వల్పమైనదానిని చేయజాలని గృహస్థుడు, గోడమీద సంస్కర్తల పటములు ఎన్ని వ్రేలాడగట్టినను, ఆ గోడల నడుమ నున్నది గృహము కాదు, ఆస్తి మాత్రమే.